జిమ్‌లోకి ఫోను తేవద్దన్నారు: పాటలకు ఏ ప్లేయరు, ఏ ఇయర్‌ఫోన్లు కొనాలి?

హంద్రీ ఒడ్డు (కర్నూలు) · ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. సి క్యాంపు వైపు ఒక జిమ్‌కు నాలుగు నెలలుగా వెళుతున్నాను. పోయిన వారం తలుపు మీద కాగితం అంటించారు, లోపలికి ఫోను తేవద్దని. ఎవరో అద్దం ముందు నిలబడి వీడియో తీసుకుంటే వెనకాల వ్యాయామం చేస్తున్న ఒకావిడ అందులో పడిందట. ఆవిడ ఇంటివాళ్ళు వచ్చి గట్టిగానే అడిగారట. నిషేధం సబబే, దాని మీద నాకు పేచీ లేదు. కానీ పాట లేకుండా ట్రెడ్‌మిల్ మీద పది నిమిషాలు కూడా గడవడం లేదు. జిమ్ స్పీకరులో తిప్పి తిప్పి అవే పదిహేను పాటలు, అవీ గోడలు అదిరేలా.

కాబట్టి ఫోను కాని ప్లేయరు కావాలి. చొక్కాకో నిక్కరుకో తగిలించుకునేంత చిన్నదై ఉండాలి. చెమటకు చెడిపోకూడదు. నాకు చెమట పట్టడం కాదు, కారుతుంది. ప్లేయరూ ఇయర్‌ఫోన్లూ కలిపి 5,000 రూపాయలు దాటకూడదు. బ్లూటూత్ తీసుకోవాలా, వైరు తీసుకోవాలా అన్నది ఎంతకీ తేలడం లేదు. ఉదయం 5:30కు వెళ్ళి 7 గంటలకు బయటికి వస్తాను, వారానికి ఐదు రోజులు.

ఇంకో సందేహం. ఇంతకుముందు వాడిన వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ రెండు జతలూ ఆరు నెలలు తిరక్కుండానే పోయాయి. రెండింట్లోనూ ముందు ఎడమదే పోయింది. ఎందుకంటారు?

క్లాక్‌టవర్ కుర్రాడు (అనంతపురం) · రాత్రి 9:52

అన్నా, ఈ రోజుల్లో ఎంపీ3 ప్లేయరు కోసం వెతకడమా! స్మార్ట్ వాచీ కొనండి. పాటలు వాచీలోనే ఉంటాయి, దాని నుంచి బ్లూటూత్‌లో ఇయర్‌బడ్స్‌కు వస్తాయి. కాగితం మీద ఫోను అని రాశారు గానీ వాచీ అని రాయలేదు కదా.

హంద్రీ ఒడ్డు (కర్నూలు) · రాత్రి 9:58

మా బావమరిది వాచీ తీసుకుని చూశాను తమ్ముడూ. అందులో పాట ఆపడం, మార్చడం మాత్రమే ఉంది. ఫోను ఇంట్లో వదిలేస్తే వాచీ నోరు మూసుకుంటుంది.

క్లాక్‌టవర్ కుర్రాడు (అనంతపురం) · రాత్రి 10:03

అది నిజమే. రెండు మూడు వేలకు వచ్చే వాచీల్లో చాలావరకు ఫోనుకు రిమోటు లాంటివే. పాటలు దాచుకునే జాగా ఉన్నవి కావాలంటే ఇయర్‌ఫోన్లతో కలిపి మీ 5,000లో కుదరడం కష్టం. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

బరువుల బాబాయి (కర్నూలు) · రాత్రి 10:20

ఈ ఊళ్ళోనే ఇంకో జిమ్‌లో నేను ట్రైనర్‌ను. ఫోను నిషేధం మా దగ్గర కూడా పెట్టాలని చూస్తున్నాం. వీడియోల కంటే మాకు పెద్ద బాధ వేరే ఉంది. ఒక సెట్టు చేయడం, ఆ మెషీను మీదే కూర్చుని పది నిమిషాలు ఫోను చూడడం. వెనకాల ముగ్గురు చేతులు కట్టుకుని నిలబడి ఉంటారు.

ప్లేయర్ల సంగతి నాకు తెలియదు గానీ, చెవికి ఏది పనికిరాదో మాత్రం రోజూ చూస్తుంటాను. మెడలో వేసుకునే నెక్‌బ్యాండు స్క్వాట్ (భుజాల మీద బరువుతో గుంజీలు) చేసేవాళ్ళకు శుద్ధ దండగ. బార్ సరిగ్గా ఆనే చోటనే అది కూర్చుంటుంది. తీసి నేల మీద పెడతారు, కాసేపటికి మరిచిపోయి దాని మీదే డంబెల్ దింపుతారు. నా కళ్ళ ముందే రెండు పోయాయి. తలకు పెట్టుకునే పెద్ద హెడ్‌ఫోన్లు బెంచీ మీద వెల్లకిలా పడుకోగానే జారిపోతాయి. వాటి మెత్తల్లో చెమట ఇంకి పది రోజులకే ఒక వాసన మొదలవుతుంది, ఇక దాని గురించి చెప్పను. వైరు పొడుగ్గా వేలాడితే కేబుల్ మెషీను పిడికి చిక్కుకుంటుంది. ఒకాయనకు చెవిలోంచి ఊడి, కింద పడి, బరువు పలక కింద నలిగింది.

అందుకని వైరు తీసుకుంటే అది చొక్కా లోపల నుంచి రావాలి. వైర్‌లెస్ తీసుకుంటే చెవి వెనక్కి కొక్కెం ఉండాలి. ఉత్త బఠాణీ గింజలాంటివి మాత్రం వద్దు. ట్రెడ్‌మిల్ బెల్టు మీద పడితే వెనక గోడ దాకా ఎగురుతాయి.

టంకం పొగ (కడప) · సోమవారం, ఉదయం 7:15

వై.వి. స్ట్రీట్ దగ్గర చిన్న రిపేరు కొట్టు నాది. మీ ఎడమ ఇయర్‌బడ్ కథ రోజూ నా బల్ల మీద జరిగేదే. ఒక్క మాట అడుగుతాను. ఫోనులో మాట్లాడేటప్పుడు ఒక్కటే చెవిలో పెట్టుకుంటారా? అది ఎడమదేనా?

హంద్రీ ఒడ్డు (కర్నూలు) · ఉదయం 7:31

అవునన్నా! కుడి చేత్తో రాసుకుంటూ ఎడమ చెవితో మాట్లాడడం అలవాటు. మీకెలా తెలిసింది?

టంకం పొగ (కడప) · మధ్యాహ్నం 2:10

జాతకం చూసి చెప్పలేదు. ఒకటే ఎక్కువ వాడితే దాని బ్యాటరీ ఎక్కువ సార్లు నిండుతుంది, ఎక్కువ సార్లు ఖాళీ అవుతుంది, ముందు ముసలిదవుతుంది. అంత చిన్న బ్యాటరీకి ఆయుష్షు ఎంతుంటుంది చెప్పండి. ఇది సగం కారణం.

మిగతా సగం చెమట. జిమ్ అయిపోగానే చెవిలోంచి తీసి తడిగానే డబ్బాలో పెట్టి మూత వేస్తారు. డబ్బాలో పెట్టగానే ఛార్జింగ్ మొదలవుతుంది. చెమట అంటే ఉప్పునీళ్ళు. ఉప్పునీళ్ళలో తడిసిన పిన్నుల మీద కరెంటు పారితే లోహం కరుగుతుంది. విప్పి చూస్తే పిన్నుల చుట్టూ నెమలికంఠం రంగులో పొడి పేరుకుని ఉంటుంది. రాగి చిలుము అది. మా అమ్మమ్మ ఇంట్లో తోమకుండా వదిలేసిన రాగి చెంబుకు పట్టేదే. కొద్దిగా ఉంటే బ్రష్షుతో గీకి, స్పిరిట్‌తో తుడిచి ఇస్తాను. పిన్ను తినేసి ఉంటే ఇక చేసేదేమీ లేదు.

కొన్న అట్టపెట్టె మీద ఐపీఎక్స్4 అని రాసి ఉందని చాలామంది ధైర్యంగా ఉంటారు. 4 అంటే ఏ వైపు నుంచి నీళ్ళు చిలకరించినా పాడు కాదని. 5 అంటే గొట్టంతో కొట్టే ధారకు నిలుస్తుంది. 7 అంటే ఒక మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉన్నా పాడవదు. మధ్యలో ఎక్స్ అంటే దుమ్ముకు పరీక్ష చేసిన అంకె ఇవ్వలేదని. ఈ పరీక్షలన్నీ మంచినీళ్ళతోనే చేస్తారు, కొత్త వస్తువు మీద చేస్తారు. రోజుకు గంటన్నర చొప్పున ఆరు నెలలు ఉప్పునీళ్ళు పోసి ఎవరూ చూడరు. పైగా ఆ అంకె చాలావరకు ఇయర్‌బడ్‌కే, ఛార్జింగ్ డబ్బాకు కాదు.

కాబట్టి నా ఓటు వైరుకు. అందులో ఛార్జింగ్ పిన్నులే లేవు, చిలుము పట్టడానికి.

ఏడురోడ్ల అక్క (కడప) · మధ్యాహ్నం 3:05

టంకం గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను జిమ్ సంచీలో ఒక పాత నూలు రుమాలు పెట్టుకుంటాను. ఇయర్‌బడ్స్ తీశాక తుడిచి, రుమాలు మీదే ఆరబెట్టి, ఇంటికి వెళ్ళాకే డబ్బాలో పెడతాను. నా జత మూడో ఏట కూడా పనిచేస్తోంది.

ఇంకో సంగతి, మగవాళ్ళు సాధారణంగా పట్టించుకోనిది. కొన్నప్పుడు అట్టపెట్టెలో చెవిలో కూర్చునే రబ్బర్లు మూడు సైజులవి ఇస్తారు. మధ్య సైజు తొడిగి ఉంటుంది. మిగతా రెండూ పెట్టెలోనే ఉండి, పెట్టెతో పాటు చెత్తలోకి పోతాయి. నాకు ఏడాది పాటు ప్రతి ఇయర్‌ఫోనూ ఊడిపోయేది, నా చెవులే వంకర అనుకున్నాను. చివరికి కుడి చెవికి చిన్నది, ఎడమకు మధ్యది వేసుకుంటే కదలలేదు. రెండు చెవులూ ఒకే కొలతలో ఉండాలని ఎక్కడా లేదు కదా.

సరిపోయిందో లేదో ఇలా చూసుకోండి. పాట పెట్టి, దవడ ఆడిస్తూ పది గుంజీలు తీయండి. బాస్ తగ్గిపోయినట్టు అనిపిస్తే రబ్బరు వదులైనట్టే. ప్లేయరును తిట్టే ముందు రబ్బరు మార్చి చూడాలి.

కొక్కెం ఉన్నవి మంచివే కానీ కళ్ళజోడు ఉన్నవాళ్ళకు, మాలాగా బుట్టలు పెట్టుకునేవాళ్ళకు చెవి వెనకాల రద్దీ ఎక్కువ. కొనే ముందు కళ్ళజోడుతో కలిపి పెట్టి చూడండి.

నాదప్రియ (కడప) · సాయంత్రం 6:40

ఎవరూ నాణ్యత గురించి మాట్లాడడం లేదు. 5,000 పెట్టేటప్పుడు ఫ్లాక్ (నాణ్యత తగ్గకుండా పాటను దాచే రకం) ఫైళ్ళు ఆడించే ప్లేయరు తీసుకోవడం మంచిది. ఎంపీ3లో తాళాల మెరుపు, తంబుర గాలి అన్నీ ఎగిరిపోతాయి. బ్లూటూత్ అయితే ఎల్‌డీఏసీ కోడెక్ (పాటను ఎక్కువ నాణ్యతతో పంపే పద్ధతి) లేనిదే చెవిలో పెట్టకూడదు.

బరువుల బాబాయి (కర్నూలు) · సాయంత్రం 6:58

నాదప్రియ గారూ, మా జిమ్‌లో ఒకసారి 60 కిలోల బార్ భుజం మీద పెట్టుకుని తంబుర గాలి వినిపిస్తుందేమో చూద్దురు గాని, రండి. టీ నేను ఇప్పిస్తాను.

నాదప్రియ (కడప) · సాయంత్రం 7:10

టీకి వస్తాను. బార్ మీరే పెట్టుకోండి.

టంకం పొగ (కడప) · రాత్రి 9:15

ఇంట్లో కూర్చుని వినేటప్పుడు నాదప్రియ గారి మాటే నా మాట. జిమ్‌కు మాత్రం లెక్క వేసుకుందాం. 128 కేబీపీఎస్ (సెకనుకు 128 కిలోబిట్లు) ఎంపీ3 నిమిషానికి ఇంచుమించు 1 ఎంబీ. 320 అయితే 2.4 ఎంబీ. ఐదు నిమిషాల పాట 320లో 12 ఎంబీ అవుతుంది. 32 జీబీ కార్డులో అలాంటివి రెండున్నర వేలకు పైగా పడతాయి. ఫ్లాక్ అయితే దానికి రెండు మూడింతల జాగా తింటుంది, చెవికి అందేది మాత్రం స్పీకరు మోత, పలకల చప్పుడు, పక్కవాడి మూలుగు కలిసిన పాట. 320 ఎంపీ3 చాలు, 192 అయినా చాలు.

కార్డు గురించి ఒక జాగ్రత్త. చిన్న ప్లేయర్లలో చాలావాటికి 32 జీబీ వరకే పడుతుంది. 64 పెడితే కార్డు లేదనే అంటాయి. చవగ్గా వచ్చిందని పెద్దది కొని నా దగ్గరికి తెచ్చినవాళ్ళు ఉన్నారు.

క్లాక్‌టవర్ కుర్రాడు (అనంతపురం) · రాత్రి 9:40

పాత ఐపాడ్ షఫిల్ ఎలా ఉంటుంది? సుభాష్ రోడ్డులో ఒకాయన దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో ఉందట. అగ్గిపెట్టెలో సగం ఉంటుంది, వెనకే క్లిప్పు. జిమ్‌కే పుట్టినట్టుంది.

టంకం పొగ (కడప) · రాత్రి 10:02

జిమ్‌కే పుట్టింది, కాదనను. 2005లో మొదటిది వచ్చింది, 2006 నాటికి క్లిప్పు చేరింది. కానీ 2017లో తయారీ ఆపేశారు. అంటే మీ చేతికి వచ్చేదాని బ్యాటరీకి తక్కువలో తక్కువ అన్నేళ్ళ వయసు. కొత్తది వేద్దామంటే పెంకు విప్పడమే ఒక యజ్ఞం. చివరి రకంలో 2 జీబీయే, కార్డు పెట్టే సందు లేదు. పాటలు ఎక్కించాలంటే కంప్యూటర్లో ఐట్యూన్స్ లాంటి యాపిల్ వాళ్ళ ప్రోగ్రాము ఉండాలి. ముచ్చటకు కొనుక్కో తమ్ముడూ, వాడకానికి కాదు.

శాండిస్క్ క్లిప్ జామ్, క్లిప్ స్పోర్ట్ లాంటివి చూడండి. చిన్న తెర, బొత్తాలు, వెనక క్లిప్పు, మైక్రో ఎస్‌డీ కార్డు సందు, ఎఫ్‌ఎం రేడియో. కొత్తదైనా పాతదైనా కొట్లో పెట్టి విని తీసుకోండి. బొత్తాలున్నదే ఎందుకంటే చెమట చేత్తో టచ్ తెర మాట వినదు. బొత్తానికి చెమటైనా ఒకటే, పిండి చెయ్యైనా ఒకటే.

పాత క్యాసెట్టు (కర్నూలు) · మంగళవారం, ఉదయం 6:05

మీ చర్చ చదువుతుంటే నవ్వొస్తోంది, సంతోషంగానూ ఉంది. మాది కడప జిల్లా. 1988లో మా మేనమామ కువైట్ నుంచి వస్తూ నాకు వాక్‌మన్ తెచ్చాడు. దానికి నడుము బెల్టు వేసుకుని కాలేజీ మైదానంలో పరుగెత్తేవాణ్ణి. అడుగు పడినప్పుడల్లా క్యాసెట్టు లోపల తుళ్ళి పాట సాగేది, మళ్ళీ సర్దుకునేది. గాయకుడు నాతో పాటు ఆయాసపడుతున్నట్టు ఉండేది. బెల్టు బరువుకు నిక్కరు జారడం వేరే కథ.

సోనీ వాళ్ళు మొట్టమొదటి వాక్‌మన్‌ను జపాన్‌లో 1979 జులై 1న అమ్మకానికి పెట్టారు. దానికి హెడ్‌ఫోను రంధ్రాలు రెండు ఉండేవి, ఇద్దరు కలిసి వినడానికి. ఒక నారింజ రంగు బొత్తం నొక్కితే పాట తగ్గి, పక్కవాళ్ళ మాట మైకు ద్వారా చెవిలో పడేది. ఇప్పుడు ఇయర్‌బడ్స్‌లో బయటి శబ్దం వినిపించే ఏర్పాటు అని గొప్పగా చెబుతున్నారే, దాని తాత అన్నమాట.

బాబూ హంద్రీ ఒడ్డూ, ప్లేయరు కొంటావు సరే, పాటలు ఎక్కడివి? అది ఎవరూ అడగలేదు.

హంద్రీ ఒడ్డు (కర్నూలు) · ఉదయం 7:45

యాప్‌లో నాలుగు వందల పాటలు డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్నాను మాస్టారూ. అవే కార్డులోకి ఎక్కిద్దామని.

పాత క్యాసెట్టు (కర్నూలు) · ఉదయం 8:02

ఎక్కవు నాయనా. ఆ డౌన్‌లోడుకు తాళం వేసి ఉంటుంది, ఆ యాప్ తప్ప ఇంకెవరూ తెరవలేరు. నెల చందా ఆగితే నీ ఫోనులోనే మూగబోతాయి. ప్లేయరుకు కావలసింది నీ సొంత ఫైలు. నేనైతే ఇంట్లో ఉన్న సీడీలను కంప్యూటర్లో వేసి ఎంపీ3గా మార్చుకున్నాను. సీడీ డ్రైవు లేకపోతే యూఎస్‌బీకి తగిలించేది విడిగా దొరుకుతుంది.

నిర్వాహకుడు · ఉదయం 9:00

పాటలు ఉచితంగా దింపుకునే సైట్ల లంకెలు పెట్టిన రెండు సందేశాలు తీసేశాను. మిగతా చర్చ బాగుంది, కొనసాగించండి.

కర్ణభేరి (అనంతపురం) · మంగళవారం, రాత్రి 8:30

నేను చెవి, ముక్కు, గొంతు వైద్యురాలిని. మొదటి సందేశంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను, జిమ్ స్పీకరు గోడలు అదిరేలా ఉంటుందని. అసలు చిక్కు అక్కడుంది. బయట అంత శబ్దం ఉంటే మీ పాట వినబడాలని ఇంకా పెంచుతారు. చెవికి స్పీకరుదీ మీదీ కలిసి పడతాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటల దాకా వినవచ్చు. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగానికి పడిపోతుంది. 83 అయితే 20 గంటలు, 86కు 10, 89కి 5 గంటలే. మీరు వారానికి ఏడున్నర గంటలు వింటానంటున్నారు. అంటే మీ హద్దు 86కూ 89కీ మధ్య ఎక్కడో ఉంది. 3 డెసిబెల్స్ అంటే చెవికి పెద్ద తేడా అనిపించదు, అందుకే ప్రమాదం. ఆ సన్న తేడాకే మీ సమయం సగమైపోతుంది.

కొలిచే పరికరం అక్కర్లేదు. జిమ్ నుంచి బయటికి వచ్చాక చెవిలో గుయ్‌మంటున్నా, మాటలు దూది అడ్డం పెట్టినట్టు వినిపిస్తున్నా ఆ రోజు ఎక్కువ పెట్టినట్టే. రోజూ అలా ఉంటే పరీక్ష చేయించుకోండి. పోయిన వినికిడిని నేను తిరిగి తేలేను.

ఏడురోడ్ల అక్క చెప్పిన రబ్బరు సంగతి ఊడిపోకుండా ఉండడానికే కాదు. చెవి రంధ్రాన్ని సరిగ్గా మూసే రబ్బరు బయటి మోతను తగ్గిస్తుంది, అప్పుడు తక్కువ శబ్దానికే పాట తెలుస్తుంది. వదులుగా కూర్చునే రకం ఇయర్‌ఫోన్లతో మీ జిమ్‌లో వాల్యూమ్ పెంచకుండా ఉండలేరు.

రబ్బర్లు వారానికోసారి విప్పి సబ్బునీళ్ళతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. చెమటతో తడిసిన చెవిని మూసి ఉంచితే బూజు పడుతుంది. మాట వరసకు అనడం లేదు, బూజే. దురద పుట్టిందని పిన్నీసుతో గోకకండి. ఇయర్‌ఫోన్లు ఒకరివి ఒకరు పెట్టుకోకండి.

ఏడురోడ్ల అక్క (కడప) · రాత్రి 8:55

డాక్టరు గారూ, నేను జిమ్ లేని రోజుల్లో దేవుని కడప చెరువు వైపు నడుస్తాను. అప్పుడు చెవి పూర్తిగా మూసుకుంటే వెనక వచ్చే ఆటో వినబడదు. దానికి ఎముక ద్వారా వినిపించే రకం తీసుకున్నాను, చెంప ఎముక మీద ఆనుకుంటుంది, చెవి తెరిచే ఉంటుంది. రోడ్డు మీద హాయిగా ఉంది. అదే జిమ్‌కు పట్టుకెళితే స్పీకరు మోతలో ఏమీ వినబడలేదు, వాల్యూమ్ పెంచితే చెంప చక్కిలిగింతలు.

కర్ణభేరి (అనంతపురం) · రాత్రి 9:10

సరిగ్గా వాడుతున్నారు. రోడ్డుకు తెరిచి ఉంచేది, జిమ్‌కు మూసేది. చెవి తెరిచి ఉంది కదా అని ఎంత పెంచినా ఫరవాలేదని మాత్రం అనుకోకండి. ఎముక ద్వారా వెళ్ళినా చేరేది లోపలి చెవికే.

హంద్రీ ఒడ్డు (కర్నూలు) · బుధవారం, రాత్రి 9:20

అందరికీ వందనాలు. వైరుకే నిర్ణయించుకున్నాను. బొత్తాల ప్లేయరు ఒకటి, చెవి మీదుగా తిప్పుకునే వైరు ఇయర్‌ఫోన్లు ఒకటి ఆర్డరు పెట్టాను, 32 జీబీ కార్డుతో కలిపి బడ్జెట్టులోనే వచ్చాయి. వచ్చాక చెబుతాను. వైరు త్వరగా తెగకుండా ఏమైనా చిట్కాలు ఉంటే చెప్పండి.

టంకం పొగ (కడప) · రాత్రి 9:50

వైరు మధ్యలో తెగదు. జాక్ మెడ దగ్గర, చెవి ముక్క దగ్గర తెగుతుంది. నిటారు జాక్ కంటే ఎల్ ఆకారం జాక్ ఎక్కువ రోజులు ఉంటుంది, జేబులో వంగినా మెడ విరగదు. ప్లేయరును నిక్కరుకు కాక చొక్కా కాలరుకు తగిలించండి. వైరు తక్కువ దూరం వెళుతుంది, కూర్చుని లేచేటప్పుడు లాగదు. మిగిలిన వైరు చుట్టి రబ్బరు బ్యాండు వేయండి, బిగించి కాదు. చెవి మీదుగా తిప్పి వెనక నుంచి దింపితే వైరు చొక్కాకు రాసుకునే గరగర కూడా చెవిలోకి రాదు.

బండి డిక్కీలో ఎండకు వదలకండి. మన ఎండల్లో డిక్కీ అంటే పొయ్యే, ప్లేయరులో ఉన్నది లిథియం బ్యాటరీ, వేడికి ఉబ్బుతుంది.

ఎఫ్‌ఎం వినాలనుకుంటే మీరు వైరు తీసుకోవడమే మేలైంది. ఆ వైరే యాంటెనా. వైరు పీకేస్తే స్టేషను పోతుంది.

పాత క్యాసెట్టు (కర్నూలు) · గురువారం, ఉదయం 6:20

ఈ సంగతి నాకు ఇన్నాళ్ళూ తెలియదు. ఉదయం ఆకాశవాణి పెట్టుకుని వైరు చుట్టి జేబులో పెట్టి, స్టేషను సరిగ్గా రావడం లేదని రెండేళ్ళుగా ఆకాశవాణిని తిడుతున్నాను.

హంద్రీ ఒడ్డు (కర్నూలు) · రెండు వారాల తరువాత, శనివారం రాత్రి

చెప్పిన మాట ప్రకారం వచ్చాను. మొదటి రోజే రెండు ఇబ్బందులు. ఒకటి, పాటల వరస. వార్మప్‌కు నెమ్మదివి, తరువాత వేగమైనవి, చివర చల్లబడేవి అని పేర్ల ముందు 01, 02 వేసి సర్దుకున్నాను. ప్లేయరు మాత్రం తన ఇష్టం వచ్చిన వరసలో పాడింది. పరుగు మధ్యలో జోలపాట వచ్చింది. రెండోది, ఒక పాట గుసగుస, తరువాతిది పిడుగు. బెంచీ మీద పడుకుని ఉండగా పిడుగు పడితే బార్ వదిలేసేవాణ్ణే.

టంకం పొగ (కడప) · శనివారం రాత్రి

మొదటిదానికి: కొన్ని ప్లేయర్లు పేరు చూడవు, కార్డులోకి ఏది ముందు వచ్చిందో అది ముందు పాడతాయి. కార్డు మొత్తం ఖాళీ చేసి 01 నుంచి ఒక్కొక్కటిగా కాపీ చేయండి. ఒక్కసారిగా అన్నీ లాగి పడేస్తే వరస చెదురుతుంది. రెండోదానికి: ఎంపీ3గెయిన్ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. ఫైళ్ళన్నీ అందులో వేస్తే అన్నింటినీ ఒకే మట్టానికి తెస్తుంది. మామూలుగా 89 దగ్గర పెట్టి ఉంటుంది (డాక్టరు గారు చెప్పిన 89 కాదు, ఆ ప్రోగ్రాము సొంత కొలత), అలాగే వదిలేయండి. పాట నాణ్యత తగ్గదు.

హంద్రీ ఒడ్డు (కర్నూలు) · ఆదివారం, ఉదయం

రెండూ చేశాను, రెండూ కుదిరాయి. రాత్రి 11 దాకా పాటలు ఒక్కొక్కటే ఎక్కిస్తుంటే మా ఆవిడ వచ్చి చూసి, బియ్యంలో రాళ్ళు ఏరుతున్నట్టుందని వెళ్ళిపోయింది.

ఒక కొత్త సంగతి చెప్పాలి. మాది పత్తికొండ వైపు పల్లె. పోయిన ఏడాది ఊళ్ళో చెక్కభజన జరిగినప్పుడు ఫోనులో రికార్డు చేసుకున్నాను, 22 నిమిషాలు ఉంది. ప్లేయరులో పాడలేదు. ఫోను దాన్ని ఎం4ఏ అనే వేరే రకం ఫైలుగా దాచిందట, కంప్యూటర్లో ఎంపీ3గా మారిస్తే పాడింది. ట్రెడ్‌మిల్‌కు ఇంతకంటే తగినది నాకు ఇంకా దొరకలేదు. మొదట చెక్కలు నిదానంగా పడతాయి, నేను నడుస్తాను. గురువు గొంతు పెంచి వరస మార్చినప్పుడల్లా చెక్కల వేగం ఒక మెట్టు ఎక్కుతుంది, నేనూ బెల్టు వేగం ఒక మెట్టు పెంచుతాను. చివరి నాలుగు నిమిషాలు గజ్జెలు, చెక్కలు, కేకలు కలిసిపోతాయి, అప్పుడు పరుగే. ఆఖర్న మైకులో ఎవరో టీ తెమ్మని అరవడం కూడా ఉంది, అక్కడ ఆపేస్తాను.

బరువుల బాబాయి (కర్నూలు) · ఆదివారం, మధ్యాహ్నం

ఆ ఫైలు నాకు పంపాలి. మా జిమ్ స్పీకరులో వేస్తాను, కొంచెం తగ్గించే వేస్తాను, డాక్టరు గారు చూస్తున్నారు కదా.

కర్ణభేరి (అనంతపురం) · ఆదివారం, సాయంత్రం

చూస్తున్నాను.

హంద్రీ ఒడ్డు (కర్నూలు) · మంగళవారం, ఉదయం 7:30

ఈ రోజు 6:10కి కరెంటు పోయింది. స్పీకరు ఆగిపోయింది, లైట్లు పోయాయి, ట్రెడ్‌మిల్ బెల్టు నెమ్మదించి నిలిచిపోయింది. చెవిలో మాత్రం చెక్కలు మంచి ఊపు మీద ఉన్నాయి. ఆగిన బెల్టు మీదే చీకట్లో అడుగులు వేస్తూ ఉండిపోయాను. లైట్లు వచ్చేసరికి జిమ్ మొత్తం నన్నే చూస్తోంది.

టంకం పొగ (కడప) · ఉదయం 9:40

అదంతా సరే. వైరు చొక్కా లోపల నుంచే వేసుకున్నారా?

హంద్రీ ఒడ్డు (కర్నూలు) · ఉదయం 9:52

లోపల నుంచే అన్నా.